చేబదులు మందులు ఆగిపోయిన ఏడాది

నేను ఆరోగ్య శాఖలో పనిచేశానని చెప్పగానే జనం మోకాలి నొప్పికి మందు అడుగుతారు. నేను డాక్టరును కాను, నర్సును కాను. ఒక్క బిళ్ళయినా చేత్తో ఎవరికీ ఇచ్చినదాన్ని కాదు. ఆ బిళ్ళ కొనే డబ్బు ఏ కేంద్రానికి, ఎప్పుడు, ఎవరి సంతకంతో వెళ్ళాలో చూసే విభాగంలో చేరాను, అక్కడే రిటైరయ్యాను. పేరు జె. వసంత. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు రాయడం మాత్రం యానాం బదిలీ అయినప్పుడు చిన్నపిల్లల వాచకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. నా వాక్యాలు ఎక్కడైనా బడిపిల్ల వాక్యాల్లా కనిపిస్తే సర్దుకోండి.

నాది మొదటినుంచీ దిగులు మనస్తత్వం. గ్యాసు కట్టేశానా అని బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. "నీకు దిగులుపడేదానికి ఏమీ లేకపోతే, ఏమీ లేదే అని దిగులుపడతావు" అని మా ఆయన ఏడిపిస్తాడు. ఆ స్వభావం ఇంట్లో పనికిరాలేదు గానీ ఉద్యోగంలో బాగా పనికొచ్చింది. ఈ విభాగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ధైర్యం చెప్పాలని నాకు లేదు. భయపడమనే చెబుతాను. కాకపోతే దేనికి భయపడాలో ముందు తెలుసుకోవాలి. మా ఆఫీసులో తెలివైనవాళ్ళు చాలామందే ఉండేవారు. వాళ్ళలో సగం మంది భయపడనక్కరలేని దయ్యానికి భయపడుతూ సర్వీసు పూర్తిచేశారు.

ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి వదిలేస్తాను. నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొచ్చేది ఒకటే వ్యవహారం. అందులో ఉన్నవాళ్ళ పేర్లు మార్చాను. కేంద్రం పేరు చెప్పను.

ఇండెంటూ, కైమాత్తూ

మొదట్లో మందులన్నీ ఒకే పెద్ద గోదాములోంచి వచ్చేవి. ప్రతి ఆరోగ్య కేంద్రం తనకేం కావాలో ఇండెంటు పంపేది. గోదాము తన దగ్గర ఉన్నది, తనకు తోచినప్పుడు పంపేది. దగ్గు మందు అడిగితే కట్టు గుడ్డ వచ్చిన రోజులున్నాయి. అయినా మా ఊళ్ళో రోగులు మందు లేక వెనక్కి వెళ్ళడం తక్కువ. అదెలాగో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పినవాడు మునిరత్నం. ఒక కేంద్రంలో ఫార్మసిస్టు. మావాడే, తెలుగు మాట్లాడతాడు గానీ తెలుగు చదవడం రాదు. నేను తనిఖీకి వెళ్తే అక్కా అని పిలిచి, కాఫీ తెప్పించి, నన్ను కూర్చోబెట్టి తన పని తను చేసుకునేవాడు. ఒకసారి నేనున్నప్పుడే పక్క కేంద్రం నుంచి ఒకామె సంచీతో వచ్చింది. మునిరత్నం ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ సీసాలు తీసి, ఐసు పెట్టి ఆమె చేతికిచ్చాడు. సంతకం లేదు, రసీదు లేదు.

"ఇదేంది మునిరత్నం, మీ స్టాకు వాళ్ళకెట్లా ఇస్తావు?" అన్నాను.

"కైమాత్తు అక్కా. వాళ్ళకు ఇండెంటు రాలే. వచ్చినాక తెచ్చిస్తారు. పోయిన నెల నాకు కుక్క కాటు ఊసి లేకుంటే వాళ్ళే ఇచ్చినారు."

ఊసి అంటే తమిళంలో సూదిమందు, కైమాత్తు అంటే చేబదులు. ఉప్పో చక్కెరో అయిపోతే పొరుగింట అడిగి తెచ్చుకుని, తర్వాత తిరిగిచ్చే అలవాటు. మా ఊరి ఫార్మసిస్టులందరూ మందులతో అదే చేసేవారు. ఊరంతా ఒకే ఇల్లన్నట్టు, ఎవరి ఫ్రిజ్‌లో ఏముందో అందరికీ తెలుసు. గోదాము ఆలస్యాన్ని ఈ చేబదులే మింగేసేది. ఇది ఏ నియమంలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ కనిపించదు. నాకు మాత్రం అప్పుడే దిగులు మొదలైంది. రాతలో లేనిదాన్ని ఎవరైనా ఒక్క మాటతో ఆపేయవచ్చు కదా అనిపించింది.

మోటారు వేరు

తర్వాత కాలం మారింది. డబ్బు అంతా పైన పెట్టుకోవద్దు, కిందికి పంపండి, ఎవరి అవసరం వాళ్ళకే తెలుసు అనే మాట వచ్చింది. మందుల డబ్బులో ఒక పెద్ద భాగం నేరుగా ఒక్కొక్క కేంద్రం ఖాతాకే వేయాలని నిర్ణయమైంది. కేంద్రం డాక్టరు, ఆ ఏరియా పెద్దమనుషులు కొందరు కలిసి ఒక కమిటీ. ఏది కొనాలో వాళ్ళే తేల్చుకుంటారు.

నేను దీనికి వ్యతిరేకిని కాను. స్పష్టంగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది విని చాలామంది నన్ను పాతకాలపు మనిషి అనుకుంటారు. పాత పద్ధతిలో ఒక ప్రసూతి గదికి నీళ్ళ మోటారు కాలిపోతే, బాగుచేయించడానికి అనుమతి రావడానికి ఒక ఎండాకాలం పట్టింది. కాన్పుకొచ్చినవాళ్ళ చుట్టాలు వీధి కుళాయి నుంచి బిందెలు మోశారు. ఆ ఫైలు మా ఆఫీసులో ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. కొత్త పద్ధతి వచ్చాక అదే కేంద్రంలో మోటారు మళ్ళీ పాడైతే, పొద్దున డాక్టరమ్మ మెకానిక్‌ని పిలిపించింది, మధ్యాహ్నానికి నీళ్ళొచ్చాయి. ఆ రోజు నాకు నిజంగా సంతోషమేసింది.

కానీ మోటారు వేరు, ఇన్సులిన్ వేరు. మోటారు ఒక కేంద్రంలో పాడైతే ఆ కేంద్రమే బాగుచేసుకోగలదు. ఇన్సులిన్ అవసరం అలా సమంగా పంచినట్టు ఉండదు. ఒక ఏరియాలో ఇన్సులిన్ మీద బతికే పిల్లలు ముగ్గురుంటారు, పక్క ఏరియాలో ఒక్కరూ ఉండరు. జనాభా చూసి డబ్బు పంచితే రెండింటికీ ఒకే వాటా వెళ్తుంది. ఊరంతటి కష్టాన్ని ఊరంతా కలిసి మోసే ఏర్పాటు ఒకటుండాలి. పాత కాలంలో ఆ ఏర్పాటు గోదాము కాదు, మునిరత్నం చేబదులు.

దాన్ని మా పెద్దసార్ ఆపేశారు. ఆయన మా శాఖలో పై అధికారి, డాక్టరు. చెడ్డవాడు కాదు. లంచం ముట్టినవాడు కాదు. ఆడిట్ అన్న మాట వింటే మాత్రం ఆయన ముఖంలో రక్తం ఉండేది కాదు. కొత్త పద్ధతి మీద పెట్టిన మీటింగులో, ఇక ఒక కేంద్రం మందు ఇంకో కేంద్రానికి వెళ్ళకూడదని చెప్పారు. ఇప్పుడు ఎవరి డబ్బు వాళ్ళది, ఎవరి స్టాకు వాళ్ళది, ఎవరి రోగులు వాళ్ళవాళ్ళు.

నేను లేచి అడిగాను. "సార్, ఒక కేంద్రంలో ఇన్సులిన్ అయిపోయి, పక్కదాంట్లో ఉంటే?"

"కమిటీ ఉంది కదమ్మా, కొనుక్కుంటారు."

"వాళ్ళ వాటా అయిపోతే?"

"సరిగ్గా ప్లాన్ చేసుకుంటే ఎందుకైపోతుంది? రేపు ఆడిట్ వాళ్ళు ఈ కమిటీ డబ్బుతో ఆ ఏరియా రోగికి మందెలా ఇచ్చారని అడిగితే సమాధానం నువ్వు చెబుతావా?"

గది నిండా డాక్టర్లున్నారు. అందరూ ఆయన చెప్పింది డైరీల్లో రాసుకున్నారు. నేను అభ్యంతరం నోట్‌గా రాసి పెట్టాను. ఆ నోట్ మీద 'చూశాను' అని ఒక సంతకం పడి తిరిగొచ్చింది. మా ఆఫీసు భాషలో 'చూశాను' అంటే ఇక దీని గురించి అడగొద్దని.

దేవకి

దేవకి నటేశన్ నగర్‌లో ఒక ఇంటి వెనక చిన్న వాటాలో ఉండేది. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, ప్యాకింగ్ పని. భర్త లేడు. ఒక్కతే కూతురు, కౌసల్య, తొమ్మిదో తరగతి. చిన్నప్పుడే షుగరు వచ్చింది. ఇది పెద్దవాళ్ళకొచ్చే షుగరు లాంటిది కాదు. రోజూ ఇన్సులిన్ వేసుకోకపోతే ఆ బిడ్డ బతకదు. ఈ వ్యవహారంలో లెక్కపెట్టాల్సింది ఆ ఒక్క విషయమే.

ఆమెను నేను మొదట చూసింది మా ఆఫీసు మెట్ల మీద. ఎవరో చెబితే పని మానుకుని వచ్చింది. తమిళంలో మొదలుపెట్టి, నేను పక్కనున్నవాళ్ళతో తెలుగులో మాట్లాడటం విని భాష మార్చింది.

"అక్కా, మా సెంటర్‌లో ఊసి మందు లేదంటాండారు. వచ్చే వారం రమ్మంటారు, పోతే మళ్ళా వచ్చే వారం. పక్క సెంటర్‌కు పోయినా. ఫ్రిజ్‌లో ఉండాది, నేను కండ్లతో చూసినా. మీ ఏరియా కాదమ్మా అన్నారు. యాడికి పోయేది చెప్పండి. పోయిన రోజు కూలి సంబళమంతా పోతాది."

నేను ఆ పక్క కేంద్రానికి ఫోన్ చేశాను. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఉంది మేడం, కానీ ఆర్డరుంది కదా, ఇస్తే మేం ఇరుక్కుంటాం అన్నారు. మునిరత్నానికి చేశాను. దేవకి వెళ్ళేది అతని కేంద్రానికే.

"అక్కా, నా దగ్గర ఉంటే ఇయ్యనా? ఇప్పుడు ఎవురూ ఇయ్యరు. ముందు అందరూ ఇచ్చిపుచ్చుకుంటా ఉంటిమి. ఇప్పుడు ఎవురికి వాళ్ళు దాచిపెట్టుకుంటాండారు. నేనూ దాస్తాండా, అబద్ధమేల. కుక్క కాటు ఊసి దాచినా. రేపు నాకెవురిస్తారు?"

ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది. మందు లేకపోవడం కంటే, ఉన్నది అందరూ దాచడం. చేబదులు బతికున్నంతకాలం ఎవరికీ దాచుకునే అవసరం రాలేదు. అది ఆగగానే ప్రతి ఫ్రిజ్ ఒక తాళం వేసిన బీరువా అయింది. ఊరి మొత్తం మీద చూస్తే ఇన్సులిన్‌కు కొరత లేదు. ఒక చోట గడువు దాటి పారేస్తున్నారు, ఒక చోట చేతులు చాచి నిలబడుతున్నారు.

ఆ నెల నేనూ, మునిరత్నం కేంద్రం డాక్టరమ్మా కమిటీని బతిమాలి ఎలాగో కొనిపించాం. దేవకికి మందు అందింది. తర్వాతి నెలా అందింది. ఆ తర్వాత ఆమె మా ఆఫీసు మెట్లెక్కలేదు. నేను తేలికపడ్డాను. నా సంగతి నాకు తెలుసు కాబట్టి, ఆ తేలికదనం కూడా ఎక్కువకాలం నిలవలేదు.

తగ్గిన వాడకం

ఏడాది చివర్లో సమీక్ష మీటింగు. తెర మీద గీతలు వేసి చూపించారు. కొత్త పద్ధతిలో ఇన్సులిన్ వాడకం తగ్గింది. మునిరత్నం కేంద్రంలో మరీ తగ్గింది. పెద్దసార్ ముఖం వెలిగిపోయింది.

"చూశారా, పాత రోజుల్లో ఎంత వృథా అయ్యేదో. ఎవరి డబ్బు వాళ్ళ చేతికిస్తే జాగ్రత్త వస్తుంది. వచ్చే ఏడాది వాటా ఈ వాడకాన్ని బట్టే ఇద్దాం."

చాలామంది చప్పట్లు కొట్టారు. ఈ షుగరు తగ్గే జబ్బు కాదు. పిల్లలు పెరిగేకొద్దీ మందు పెరగాలి. ఇన్సులిన్ వాడకం తగ్గిందంటే రెండే కారణాలు. మనిషి వేరే చోట కొనుక్కుంటూ ఉండాలి, లేదా మనిషికి ఏదో జరిగి ఉండాలి. ఈ మాట మీటింగులో అన్నాను.

"వసంతా, నువ్వు ప్రతిదానికీ కీడే ఎంచుతావు" అన్నారు పెద్దసార్. కొందరు నవ్వారు.

కొత్తగా చేరేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగి చదవండి. మన పనిలో అన్నిటికంటే ప్రమాదమైనది పెరిగిన ఖర్చు కాదు. పెరిగిన ఖర్చును వందమంది ప్రశ్నిస్తారు. తగ్గిన ఖర్చును ఎవరూ అడగరు, పైగా చప్పట్లు కొడతారు. మందు దొరకదని తెలిసిన రోగి రావడం మానేస్తాడు. రానివాడు లెక్కలో ఉండడు. లెక్కలో లేనివాడికి వచ్చే ఏడాది వాటా రాదు. ఇలా ఒక మనిషిని ఎవరూ చంపకుండానే చంపొచ్చు.

మీటింగు అయ్యాక మునిరత్నానికి ఫోన్ చేసి దేవకి సంగతి అడిగాను. "వస్తాండాదక్కా. ముందు మాదిరి కాదు, కొంచెం ఆలస్యంగా వస్తాది. ఇంకా మిగిలుండాది అన్నాది" అన్నాడు. రోజూ వేసుకునే మందు మిగలడమేమిటి? మరుసటి రోజు ఇంటికి వెళ్ళి చూద్దామనుకున్నాను. అంతలోనే మునిరత్నం కేంద్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. కౌసల్య బళ్ళో వాంతులు చేసుకుని పడిపోయింది, గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, స్పృహ లేదు.

గోరిమేడు

నేను వెళ్ళేసరికి దేవకి ఐసీయూ బయట నేల మీద కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ యూనిఫాం మీదనే వచ్చింది. డాక్టర్లు ఒకటే అడుగుతున్నారు, ఇన్సులిన్ ఎన్నాళ్ళు మానేశారని. దేవకి ఒక్కొక్కరికీ అదే చెబుతోంది.

"ఒక్క పూట మానలేదు సార్. బిడ్డే వేసుకుంటాది, పొద్దునా, సాయంత్రం. నేను చూస్తా ఉంటా. సీసాలో మందు ఎప్పుడూ ఉండాది. అయిపోయిందే లేదు."

ఆ మాట మా ఆఫీసుకు ముందే చేరింది. పెద్దసార్ నాకు ఫోన్ చేశారు. గొంతులో ఆందోళన ఉంది, కాదనను.

"సీసాలో మందు ఎప్పుడూ ఉందని తల్లే అంటోందట కదా. అంటే మన సరఫరా తప్పు లేనట్టే. ఇంట్లో అజాగ్రత్త. అట్లా రాసిపెట్టు."

"బిడ్డ లేచాక రాస్తాను సార్" అని పెట్టేశాను. లేస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు.

లేచింది. నన్ను లోపలికి పంపిన రోజు దేవకి మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. బిడ్డ ముఖం వాడిపోయి, పెదవులు పగిలి ఉన్నాయి. నేనెవరో దేవకి చెప్పింది, మందు కోసం ఫోన్లు చేసిన అత్త అని. నేను ఏమీ అడగకముందే ఆ పిల్ల నా వైపు చూసి మెల్లగా మాట్లాడింది.

"అమ్మ సూది మాత్రమే చూస్తాది. గీత చూడదు."

నాకు అర్థం కాలేదు. సిరంజి మీద గీతలుంటాయి, ఎంత మందు లాగాలో అవే చెబుతాయి. "ఏ గీత కన్నా?" అన్నాను.

"సగం గీత దాకానే లాగుతా ఉంటి. అమ్మ ఒక్కో సెంటర్‌కు పోయి ఏడ్చుకుంటా వస్తా ఉండె. సగం వేసుకుంటే సీసా ఎక్కువ రోజులు వస్తాది కదా. మొదట్లో ఏమీ కాలే. దాహం మాత్రం వేస్తా ఉండె."

 దేవకి మంచం ఊచ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. నాకు కోపం వచ్చింది. ఆ బిడ్డ మీద కాదు, తల్లి మీద కాదు. చప్పట్లు కొట్టిన ఆ మీటింగు మీద కోపం వచ్చింది. మేం తెర మీద గీసుకుని మురిసిపోయిన ఆ తగ్గిన వాడకంలో ఈ పిల్ల వేసుకోని సగం మందు ఉంది. వృథా తగ్గిందన్నారు కదా, ఆ వృథా ఇదే.

ఆ తర్వాత

పెద్దసార్‌ను నేనే వెంటబెట్టుకుని గోరిమేడు తీసుకెళ్ళాను. ఆయన డాక్టరు, ఎముకలు తేలిన ఆ బిడ్డ చేతులు చూడగానే ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆమె మూత్రపిండాల రిపోర్టు రెండుసార్లు చదివారు. ఆఫీసుకు వచ్చి, ఆడిట్ అడిగితే సమాధానం నేనే చెబుతాను, రాయి అన్నారు. ఇన్సులిన్ లాంటి కొన్ని ప్రాణాధారమైన మందుల డబ్బును కేంద్రాల వాటాల్లోంచి తీసి ఊరంతటికీ ఒకే చోట పెట్టాం. ఏ ఏరియా మనిషికైనా ఏ కేంద్రంలోనైనా ఇవ్వొచ్చని, కేంద్రాలు ఒకదానికొకటి సర్దుకోవచ్చని ఆర్డరు తీశాం. మోటార్లు, బల్బులు, కట్టు గుడ్డలు కేంద్రాల చేతిలోనే ఉంచాం. మునిరత్నం ఆర్డరు చదివి, "దీనికి ఇంత కాయితమా అక్కా" అన్నాడు.

కౌసల్య ఇంటికొచ్చాక నేను నటేశన్ నగర్ వెళ్ళాను. దేవకి ఫ్యాక్టరీ పని మానేసింది, రెండు పూటలా గీత తనే చూడాలని. చుట్టుపక్కల ఇళ్ళలో పని వెతుక్కుంటానంది. నేను కొత్త ఆర్డరు గురించి అంతా వివరంగా చెప్పాను. ఇక మందుకు కరువు రాదు, పూర్తి గీత దాకా వేసుకోవాలి, ఇంకెప్పుడూ తగ్గించకూడదు అన్నాను. కౌసల్య శ్రద్ధగా విన్నది.

"రాదని ఎట్ట తెలుసు అత్తా?" అంది.

"నేను చూసుకుంటా కదా. ఆ సీట్లో నేనుండాను."

"మీరు ఎన్నాళ్ళుంటారు?"

"రిటైరయ్యేదాకా."

"అటు తర్వాత?"

దేవకి కూతురిని గదమాయించింది, పెద్దవాళ్ళను అట్ట అడుగుతారా అని. నేను నవ్వి, కాఫీ తాగి వచ్చేశాను.  

నేను రిటైరయ్యాను. పెద్దసార్ నాకంటే ముందే వెళ్ళిపోయారు. ఆ ఆర్డరును మార్చి, మళ్ళీ ఎవరి వాటా వాళ్ళకు పంచాలని కొత్త మాట నడుస్తోందని విన్నాను. వాడకం లెక్కలు మళ్ళీ తెర మీదికి వస్తాయి. ఆ గదిలో ఇప్పుడు మీరు కూర్చుంటారు. కౌసల్య డిగ్రీ చదువుతోంది, మందు ఇప్పటికీ ఆ కేంద్రంలోనే తెచ్చుకుంటోంది. ఈ నెల వెళ్ళి తెచ్చుకుంది. వచ్చే నెల కూడా మందులిచ్చే ఆ కిటికీ దగ్గరికి వస్తుంది.